పటంలో మీ ఇల్లు: వీధి చిత్రాల్లో ఇంటి గోప్యతను కాపాడుకోవడం ఎలా?

ఎవరైనా మీ గేటు ముందు పావుగంట నిలబడి కిటికీలు లెక్కపెడుతుంటే, ఇంట్లోంచో పక్కింట్లోంచో ఒకరు బయటికి వచ్చి ‘ఎవరు కావాలండీ?’ అని అడుగుతారు. ఇంటికి ఆ ప్రశ్నే సగం కాపలా. కెమెరా వాహనాలు తీసి ఆన్‌లైన్ పటాల్లో పెట్టిన చిత్రాల్లో మీ వీధిని చూస్తున్నవారిని అలా అడిగేవారు ఉండరు. ఏ ఊళ్లోనో కూర్చుని, ఏ వేళలోనైనా, ఎన్నిసార్లయినా, ప్రహరీ గోడ ఎంత ఎత్తుందో, గేటుకు తాళం ఎక్కడ వేస్తారో, పక్క సందులోంచి పెరట్లోకి దారి ఉందో లేదో నింపాదిగా చూసుకోవచ్చు. ‘వీధిలో అందరికీ కనిపించేదే కదా, దాచడానికేముంది’ అనేవారికి నా జవాబు ఇదే. దారిన పోతూ చూడడం వేరు, ఎవరి కంటా పడకుండా పరిశీలించడం వేరు.

అలాగని ప్రతి ఒక్కరూ ఇప్పుడే ఆ చిత్రాల్లో ఇల్లంతా గుర్తుపట్టలేనంత మసక చేయించుకోవాలని నేను అనను. కొందరికి అది తప్పనిసరి. చాలామందికి ఒక ముఖమో, ఒక కిటికీయో మసకబారితే చాలు. కొందరికి ఏమీ అక్కర్లేదు. మీరు ఏ కోవలోకి వస్తారో తేల్చుకోవాలంటే ముందు అక్కడ ఏముందో చూడాలి.

మొదటి పని: మీ ఇంటిని కొత్తవారి కళ్లతో చూడండి

గూగుల్ సంస్థ 2007 మే నెలలో అమెరికాలోని అయిదు నగరాలతో, వీధులను చిత్రాలు తీసి పటంలో చూపే స్ట్రీట్ వ్యూ సేవ మొదలుపెట్టింది. మనుషుల ముఖాలను యంత్రమే గుర్తించి మసకబరిచే పద్ధతిని 2008లో తెచ్చింది. ఇప్పుడు వాహనాల నంబరు పలకలకూ అదే పద్ధతి. ఇళ్లకు మాత్రం అలాంటి ఏర్పాటు లేదు. ఎవరో ఒకరు అడిగితేనే ఇల్లు మసకబారుతుంది. ముఖాల విషయంలోనూ యంత్రం అక్కడక్కడా పొరబడుతుంది కాబట్టి దాన్ని నమ్మి ఊరుకోవడానికి లేదు.

ఫోనులో కన్నా కంప్యూటర్‌లో చూడడం మేలు, తెర పెద్దది కాబట్టి. బ్రౌజర్‌లో ప్రైవేట్ విండో తెరిచి, మీ ఖాతాలోకి లాగిన్ కాకుండా గూగుల్ మ్యాప్స్‌కు వెళ్లి మీ చిరునామా వెతకండి. కుడివైపు కింద పసుపురంగు మనిషి బొమ్మ ఉంటుంది. దాన్ని పట్టుకుని పటం మీదికి తెస్తే చిత్రాలున్న వీధులన్నీ నీలిరంగు గీతలుగా మారతాయి. మీ వీధిలో గీత లేకపోతే అక్కడికి కెమెరా వాహనం చిత్రాలు చేరలేదన్నమాట. విడిగా కనిపించే నీలి చుక్కలు ఎక్కువగా మామూలు మనుషులు పెట్టిన చిత్రాలు. వాటి సంగతి తర్వాత చెబుతాను.

బొమ్మను మీ ఇంటి ముందు వదిలి, అక్కడితో ఆగకండి. వాహనం కదులుతూ కొన్ని మీటర్లకొక చిత్రం తీస్తుంది కాబట్టి ఒకే ఇల్లు అనేక చిత్రాల్లో, అనేక కోణాల్లో పడుతుంది. వీధి ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్కో అడుగూ వేస్తూ వెళ్లండి. వెనక సందు ఉంటే అందులోకి, మూల మలుపు ఉంటే అక్కడికి కూడా. ప్రతి చోటా దగ్గరికి జరిపి చూడండి.

ఏం వెతకాలి? ముఖాలు సరే. వాటితోపాటు గోడ మీది పేరు పలక, ఆ పేరు పక్కన ఉద్యోగం. తెరిచి ఉన్న తలుపులోంచి కనిపించే గది. మేడ మీద ఆడుకుంటున్న పిల్లలు. ముఖం మసకగా ఉన్నా, నడకలో వాడే కర్రను బట్టో, చక్రాల కుర్చీని బట్టో గుర్తుపట్టగల పెద్దవారు. నిఘా కెమెరా ఎటు చూస్తోంది, ఎటు చూడడం లేదు అన్నది కూడా బయటి నుంచి చదవగలిగిన విషయమే. నా దృష్టిలో పేరు పలక అన్నిటికన్నా ప్రమాదకరం. చిరునామా తెలియనివారికి కూడా అది మనిషినీ ఇంటినీ కలిపి చూపిస్తుంది.

ఇంకొకటి. కెమెరా మనిషి కన్ను కన్నా ఎత్తులో ఉంటుంది. మీరు వీధిలో నిలబడితే కనిపించని పెరడు, వాహనం కప్పు మీది కెమెరాకు గోడ పైనుంచి కనిపించవచ్చు. ఇలాంటి ఫిర్యాదుల వల్లే 2009లో జపాన్‌లో గూగుల్ కెమెరా ఎత్తును 40 సెంటీమీటర్లు తగ్గించి మళ్లీ చిత్రాలు తీయవలసి వచ్చింది. స్విట్జర్లాండ్ అత్యున్నత న్యాయస్థానం 2012లో, గోడలూ కంచెలూ ఉన్న తోటలను, ప్రాంగణాలను రెండు మీటర్లకు మించిన ఎత్తు నుంచి తీసి చూపకూడదని తీర్పు చెప్పింది. దారిన పోయేవారికి కనిపించనిది పటంలోనూ కనిపించకూడదన్నదే అందులోని న్యాయం. మీ గోడ వెనకది చిత్రంలో కనబడితే, మసకబరచమని గూగుల్‌కు పంపే అభ్యర్థనలో ఆ మాట ప్రత్యేకంగా రాయండి.

పాత తేదీలు మరిచిపోవద్దు. 2014 నుంచి గూగుల్ ఒకే చోట వేర్వేరు సంవత్సరాల్లో తీసిన చిత్రాలను కూడా చూపిస్తోంది. కంప్యూటర్‌లో చిత్రం తెరిచినప్పుడు పై మూలన తీసిన నెల, సంవత్సరం, పక్కనే ‘సీ మోర్ డేట్స్’ అన్న లింకు ఉంటాయి. ఇప్పటి చిత్రంలో గేటు మూసి ఉండవచ్చు, ఆరేళ్ల కిందటి చిత్రంలో బార్లా తెరిచి ఉండవచ్చు. అభ్యంతరమైన ప్రతి చిత్రం లింకునూ తేదీనీ ఒక కాగితం మీద రాసుకుని, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. తర్వాతి పనులన్నిటికీ అదే ఆధారం.

మసక చేయించాలా, వద్దా?

ఇక్కడ కాసేపు ఆగి ఆలోచించాలి. గూగుల్ ఒక చిత్రాన్ని ఒకసారి మసకబరిస్తే మళ్లీ మామూలుగా మార్చదు. రేపు మీరు ఇల్లు అమ్మాలనుకున్నా, తర్వాత వచ్చినవారికి అది అడ్డమనిపించినా వెనక్కి తీసుకునే దారి లేదు.

పైగా మసక కూడా కంటికి ఆనుతుంది. వరసలో పది ఇళ్లు స్పష్టంగా ఉండి ఒక్కటే మసకగా ఉంటే చూపు దాని మీదికే పోతుంది. 2010లో జర్మనీలో స్ట్రీట్ వ్యూ రాబోతున్నప్పుడు, ఇరవై నగరాల్లో 2,44,000కు పైగా ఇళ్లవారు ముందుగానే అభ్యంతరం చెప్పారు. అది అక్కడి ఇళ్లలో దాదాపు 3 శాతం. చిత్రాలు వచ్చాక ఎస్సెన్ నగరంలో కొందరు మసకబారిన ఇళ్లను వెతికి వాటిపై కోడిగుడ్లు విసిరారు. గోప్యత కోరుకున్నందుకు అలా అవమానపడడం ఎంత మాత్రం న్యాయం కాదు. కానీ అలాంటిది జరిగిందన్న సంగతి తెలిసి నిర్ణయించుకోవాలి.

అపార్ట్‌మెంట్‌లో ఉంటే మీ వాటా ఒక్కటే మసకబారుతుందని గట్టిగా చెప్పలేం, మొత్తం భవనమే మసకబారవచ్చు. ముందు మిగతావారితో మాట్లాడండి. అద్దె ఇల్లయితే యజమానికి ఒక మాట చెప్పడం మర్యాద.

ఒక అపోహ తీర్చుకోవాలి. మసక చేయిస్తే అంబులెన్సు దారి తప్పుతుందేమో, సామాను తెచ్చేవారికి ఇల్లు దొరకదేమో అని కొందరు వెనకాడతారు. మసక చిత్రానికే. చిరునామా, పటంలో ఇంటి స్థానం, దారి సూచనలు అలాగే ఉంటాయి. అంటే మసకకు ఒక పరిమితి కూడా ఉంది: మీ చిరునామా తెలిసినవారి నుంచి అది ఇంటిని దాచలేదు, ఇంటి రూపాన్ని మాత్రమే దాచగలదు.

ఎవరు సందేహించకుండా మొత్తం ఇల్లు మసక చేయించుకోవాలి? హింసించే మనిషి నుంచి తప్పించుకుని వేరే చోట ఉంటున్నవారు. ఎవరో వెంటపడి వేధిస్తున్నవారు. బెదిరింపులు ఎదుర్కొంటున్న న్యాయమూర్తులు, పాత్రికేయులు. ఇంటి చిత్రం అప్పటికే ఎక్కడో చెడు ఉద్దేశంతో ప్రచారమైనవారు. ఇలాంటివారికి పైన చెప్పిన నష్టాలు లెక్కలోకి రావు. మిగతావారికి నా సలహా: సమస్య ఒక ముఖమైతే ముఖమే, పేరు పలకైతే పలకే అడగండి. ఇల్లంతా మసక అయినప్పటిలా అది అందరి కంటా పడదు.

గూగుల్‌కు అభ్యర్థన పంపే క్రమం

1. కంప్యూటర్‌లో మీ ఇల్లు అన్నిటికన్నా స్పష్టంగా, నిండుగా కనిపించే చిత్రం దగ్గర ఆగండి. ఇల్లు తెర మధ్యకు వచ్చేలా తిప్పండి.

2. చిత్రం కింద కుడి మూలన చిన్న అక్షరాల్లో ‘రిపోర్ట్ ఎ ప్రాబ్లమ్’ అని ఉంటుంది. దాన్ని నొక్కండి. ఫోనులోని యాప్‌లో అయితే చిత్రం తెరిచి, మూడు చుక్కల గుర్తు నొక్కితే ఈ మాటే వస్తుంది.

3. ఒక ఫారం తెరుచుకుంటుంది. అందులో అదే చిత్రం, దాని మీద ఎర్రటి చతురస్రం కనిపిస్తాయి. చిత్రాన్ని జరుపుతూ, దగ్గరికి దూరానికి మారుస్తూ, మీరు మసకబరచమంటున్నది సరిగ్గా ఆ చతురస్రంలోకి వచ్చేలా చూడండి. తొందరపడి ఇక్కడ సరిగా చేయకపోతే పక్కిల్లు మసకబారి మీ ఇల్లు అలాగే మిగిలిపోవచ్చు, ఆ మసకను తీసేయమనడానికి వీలుండదు.

4. ఏది మసకబరచాలో అడుగుతుంది: ముఖం, మీ ఇల్లు, మీ వాహనం లేక దాని నంబరు పలక, వేరే వస్తువు. ఒకటి ఎంచుకోండి. పేరు పలక వంటివాటికి ‘వేరే వస్తువు’ సరైనది.

5. వివరాల పెట్టెలో, ఆ చిత్రం ముందెన్నడూ చూడని మనిషికి అర్థమయ్యేలా రాయండి. ‘మా ఇల్లు’ అని రాస్తే చాలదు. ‘ఎర్రటి చతురస్రం మధ్యలో ఉన్న రెండంతస్తుల లేత పచ్చ ఇల్లు. ఎడమవైపు నల్ల గేటు నుంచి కుడివైపు కొబ్బరిచెట్టు వరకు. కుడి పక్కనున్న తెల్ల ఇల్లు మాది కాదు’ అన్నంత స్పష్టంగా ఉండాలి. మీరు రాసుకున్న మిగతా కోణాల, పాత తేదీల లింకులను కూడా ఇక్కడే చేర్చండి.

6. ఈమెయిల్ చిరునామా ఇచ్చి, మీరు యంత్రం కాదని నిరూపించే గుర్తు పెట్టి పంపండి. వాళ్లకు ఇంకేమైనా తెలియాలంటే ఆ ఈమెయిల్‌కే రాస్తారు, కాబట్టి రోజూ చూసే చిరునామానే ఇవ్వండి. అనవసర సందేశాల పెట్టె కూడా చూస్తుండండి.

వివరాల పెట్టెలో మీ కష్టమంతా చెప్పుకోవలసిన అవసరం లేదు. ఎవరి నుంచి దాక్కుంటున్నారో, ఇంట్లో ఎందరు ఉంటారో, ఎప్పుడు ఉండరో రాయకండి. ‘ఇది నా ఇల్లు, గోప్యత కోసం మసకబరచండి’ అన్నది సరిపోయే కారణం. గోప్యత కోసం చేసే పనిలోనే కొత్త సమాచారం బయటపెట్టుకోవడం ఎందుకు?

గూగుల్ ఒక్కటే కాదు

ఆపిల్ మ్యాప్స్‌లో 2019 నుంచి ‘లుక్ అరౌండ్’ పేరుతో వీధి చిత్రాలు వస్తున్నాయి. ముఖాలు, నంబరు పలకలు యంత్రమే మసకబరుస్తుంది. ఇల్లు మసకబరచమని అడిగే వీలు ఆపిల్ కూడా ఇచ్చింది. చిత్రంలోంచే ఫిర్యాదు చేయవచ్చు, లేదా చిత్రాల సేకరణ గురించి ఆ సంస్థ పెట్టిన పేజీలో ఉన్న ఈమెయిల్‌కు రాయవచ్చు. మైక్రోసాఫ్ట్ బింగ్ పటాల్లో మీ వీధి చిత్రం ఉంటే అక్కడా గోప్యత ఫిర్యాదు లింకు వెతకండి.

మాపిలరీ కాస్త వేరు. స్వీడన్‌లో పుట్టిన ఈ సేవను 2020లో ఫేస్‌బుక్ కొన్నది. ఇందులో చిత్రాలు పెట్టేది ఎక్కువగా మామూలు మనుషులు, కారు అద్దం దగ్గరో సైకిలు మీదో ఫోను పెట్టుకుని తీసినవి. అందువల్ల పెద్ద సంస్థల వాహనాలు రాని సందుల్లోకి కూడా ఇది చేరుతుంది. మీ వీధిలో గూగుల్ గీత లేదని నిశ్చింతగా ఉండకుండా ఇక్కడ కూడా చూడండి. ప్రతి చిత్రానికీ ఉన్న మెనూలోంచి మసకబరచమని అడగవచ్చు.

గూగుల్, ఆపిల్ రెండూ తమ వాహనాలు ఎప్పుడు ఏ ప్రాంతాలకు వస్తాయో ముందుగా తమ పేజీల్లో ప్రకటిస్తాయి. మీ ప్రాంతం పేరు కనిపిస్తే ఆ రోజుల్లో గేటు మూసి ఉంచడం, పేరు పలక మీద ఒక గుడ్డ కప్పడం అన్నిటికన్నా సులువైన పని. అయితే తేదీలు వాతావరణాన్ని బట్టి మారుతుంటాయి.

వీధి చిత్రం కన్నా ముందే ఇంటిని పట్టించేవి

వీధి చిత్రం మీద ఎంతో శ్రద్ధ పెట్టి, పటంలోనే తమ ఇల్లు పేరుతో సహా గుర్తుపెట్టి ఉందని గమనించనివారు చాలామంది. స్నేహితులకు దారి చెప్పడానికి తేలికని ఎవరో ‘ఫలానావారి ఇల్లు’ అని పటంలో ఒక చోటు చేరుస్తారు. అది ప్రపంచమంతటికీ కనిపిస్తుంది. మీ పేరు, ఇంటి పేరు, కుటుంబసభ్యుల పేర్లు పటంలో వెతికి చూడండి. కనిపిస్తే ఆ చోటు నొక్కి, ‘సజెస్ట్ యాన్ ఎడిట్’ లోకి వెళ్లి, మూసివేయడం లేదా తొలగించడం అన్న దారి ఎంచుకుని, అది ప్రజలు వచ్చే చోటు కాదని, సొంత ఇల్లని తెలపండి. పేరు లేని వీధి చిత్రం కన్నా పేరున్న ఈ గుర్తే ఎక్కువ హాని చేస్తుందని నా అభిప్రాయం. ఇది ముందు తీయించండి.

ఇంటి నుంచి వ్యాపారం చేసేవారు తమ వ్యాపార పేజీలో ఇంటి చిరునామా ఇచ్చి ఉంటారు. వినియోగదారులు మీ ఇంటికి రానవసరం లేకపోతే చిరునామా దాచి, సేవలందించే ప్రాంతం మాత్రమే చూపే ఏర్పాటు గూగుల్‌లో ఉంది.

ఇతరులు పెట్టిన నీలి చుక్కల చిత్రాలు, మామూలు ఫోటోలు వేరే దారిలో వెళతాయి. ఫోటో తెరిచి, మూడు చుక్కలు లేక జెండా గుర్తు నొక్కి ఫిర్యాదు చేయాలి. పెట్టినవారు తెలిసినవారైతే నేరుగా అడగడమే త్వరగా తేలుతుంది. ఎక్కువమంది దురుద్దేశంతో పెట్టరు, ఆలోచించక పెడతారు.

ఇల్లు కొన్నప్పుడో అద్దెకు దిగినప్పుడో వచ్చిన ప్రకటన ఇప్పటికీ ఆన్‌లైన్‌లో ఉందేమో చూడండి. వీధి చిత్రం ఇంటి బయటే ఆగుతుంది. ప్రకటన పడకగది వరకు వెళుతుంది, గదుల కొలతలతో సహా. ప్రకటన ఇచ్చిన మధ్యవర్తినో, ఆ సైటునో అడిగి ఫోటోలు తీయించండి.

మీరు స్వయంగా పెట్టే ఫోటోల సంగతి కూడా చూడాలి. బాల్కనీలోంచి తీసిన ఒక్క ఫోటోలో ఎదుటి భవనం, నీళ్ల ట్యాంకు, మలుపు కనిపిస్తే చాలు, వీధి చిత్రాలతో పోల్చి మీ వాటా ఏ అంతస్తులో ఉందో చెప్పగలిగేవారు ఉన్నారు. మీ ఇల్లు మసకగా ఉన్నా ఎదురిల్లు స్పష్టంగానే ఉంటుంది కదా. ఫోను కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ఆపేయండి. కిటికీ బయటి దృశ్యం కనబడే ఫోటోలు అందరికీ కనిపించేలా పెట్టకండి.

వైఫై పేరులో చిన్న మార్పు

2010లో గూగుల్ తన వీధి వాహనాలు చిత్రాలతోపాటు, పాస్‌వర్డ్ లేని వైఫై నెట్‌వర్కుల్లో వెళుతున్న సమాచారాన్ని కూడా సేకరించాయని ఒప్పుకుంది. ఆ తర్వాత అనేక దేశాల్లో విచారణలు జరిగాయి. వాహనాలు అలా సేకరించడం ఆగినా, ఫోన్లు తమ స్థానం తెలుసుకోవడానికి చుట్టుపక్కల వైఫై రూటర్లను వాడుకోవడం మామూలే. మీ రూటరును అలా వాడుకోకూడదనుకుంటే నెట్‌వర్క్ పేరు చివర ఒక అండర్‌స్కోర్ గీత పెట్టి, దాని వెంటనే నో, మ్యాప్ అనే రెండు మాటలను ఇంగ్లిషు చిన్న అక్షరాల్లో ఖాళీ లేకుండా కలిపి రాయండి (_nomap). ఇది పేరు చివరనే ఉండాలి. 2011లో గూగుల్ తెచ్చిన ఈ పద్ధతిని ఆపిల్ కూడా పాటిస్తోంది. పేరు మార్చాక ఇంట్లో ఫోన్లన్నీ మళ్లీ కలపాలి, అంతే శ్రమ. ఆ పేరులో ఇంటి నంబరు, ఇంటి పేరు ఉంటే ఎలాగూ తీసేయండి.

పంపాక చేయవలసినవి

జవాబు ఇన్ని రోజుల్లో వస్తుందని గడువు లేదు. ఒకటి రెండు వారాలకోసారి ప్రైవేట్ విండోలో తెరిచి చూడండి. పాత చిత్రం మీ ఫోనులోనే నిలిచి ఉండి కనిపించవచ్చు కాబట్టి ఇంకో ఫోనులో కూడా చూస్తే మంచిది. ముందువైపు మసకబారి మూల మీది చిత్రంలో ఇల్లు స్పష్టంగా మిగిలి ఉంటే, ఆ చిత్రం నుంచి మరో అభ్యర్థన పంపండి. ఒక్కో కోణానికీ ఒక్కోసారి పంపవలసి వచ్చినా విసుగు చెందవద్దు. మొదట రాసుకున్న కాగితం ఇప్పుడు అక్కరకొస్తుంది. ఏ లింకు తీరింది, ఏది మిగిలింది అని దాని మీదే గుర్తు పెట్టుకోండి.

అభ్యర్థనకు ఎన్నాళ్లకూ ఫలితం లేకపోతే, మీ దేశంలో వ్యక్తిగత సమాచార రక్షణను చూసే అధికార సంస్థకు ఫిర్యాదు చేసే హక్కు ఉందేమో తెలుసుకోండి. పంపిన తేదీలు, లింకులు, స్క్రీన్‌షాట్లు దానికి ఆధారాలవుతాయి. ఎవరైనా ఆ చిత్రాన్ని వాడి బెదిరిస్తుంటే ఇవన్నీ అయ్యేదాకా ఆగవద్దు, ముందు పోలీసుల దగ్గరికి వెళ్లండి.

కొత్త చిత్రాలు వచ్చినప్పుడు మళ్లీ మొదటి నుంచి చూడాలి. జర్మనీలో 2023లో గూగుల్ కొత్తగా తీసిన చిత్రాలు పెట్టినప్పుడు 2010 నాటి అభ్యంతరాలు చెల్లలేదు. గోప్యత కావాలనుకున్నవారు మళ్లీ అడగవలసి వచ్చింది. కాబట్టి ఆరు నెలలకోసారి మీ వీధి చిత్రం మూలన ఉన్న తేదీ మారిందేమో చూస్తుండండి. తేదీ మారితే ఆ కాగితం తీసి, వెనక సందుతో సహా మళ్లీ ఒకసారి వీధంతా తిరిగి రండి.